స్విఫ్ట్ డీజిల్‌కి పికప్ పెంచాలి, సుంకి ఘాట్‌లో లారీని దాటలేకపోతోంది

సెమిలిగుడ_స్విఫ్ట్
2014 స్విఫ్ట్ డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లక్షా నలభై వేలు తిరిగింది. సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడు లారీ వెనక పడ్డానంటే ఇక అంతే సంగతులు. మూడో గేరులో కాలు కిందికంటా తొక్కినా బండి ఆలోచిస్తూ ఉంటుంది. అది ఆలోచించుకునేలోపు ఎదురు నుంచి ఇంకో బండి వచ్చేస్తుంది. వెనక సీట్లో పిల్లలు, మా అమ్మ. డిక్కీలో అత్తారింటి బియ్యం బస్తా. మొన్నొకసారి దాటుదామని సగం బయటికి తీసి మళ్ళీ లారీ వెనక్కే దూరాల్సి వచ్చింది. అప్పట్నుంచి మా ఆవిడకి ఘాట్ పేరు చెబితేనే టెన్షన్.
ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చే రీమ్యాప్ చేయించమని ఒకరు, ట్యూనింగ్ బాక్స్ పెట్టించమని ఇంకొకరు, ఎయిర్ ఫిల్టర్ మార్చి సైలెన్సర్ ఫ్రీ చేస్తే చాలని మరొకరు అంటున్నారు. చేతిలో ముప్పై వేల దాకా ఉంది. దేనితో పికప్ నిజంగా పెరుగుతుంది? కొత్త బండి కొనుక్కోమనేవాళ్ళు డబ్బులు కూడా పంపాలి.

డీజిల్_పొగ
రీమ్యాప్. చర్చ అయిపోయింది, అందరూ ఇళ్ళకి వెళ్ళొచ్చు.

లారీ_అబ్బాయి_సాలూరు
ఆ ముందున్న లారీలో నేనే ఉండి ఉంటాను. లోడు మీద ఎక్కుతున్నప్పుడు మాది పదిహేను, ఇరవై స్పీడు. మేం సైడ్ ఇచ్చేదాకా ఆగితే ఏం పోతుంది తమ్ముడూ? మలుపు దాటాక కాస్త వెడల్పు ఉన్నచోట చెయ్యి ఊపుతాం, అప్పుడు వెళ్ళు. లారీ దాటడానికి ఇంజిన్ మార్చుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా.

జైపూర్_జోరు
ఇంజిన్ మార్చడానికి దూరం వెళ్ళక్కర్లేదు, సునాబెడలో విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ హాల్ (HAL) ఉందిగా. మిగ్ ఇంజిన్లు చేసేవాళ్ళకి స్విఫ్ట్ ఒక లెక్కా. గేటు దగ్గర ఆపి అడిగి చూడు.

సెమిలిగుడ_స్విఫ్ట్
అడిగాను. రన్‌వే తెచ్చుకోమన్నారు.

నాలుగో_గేరు
రీమ్యాప్ సంగతి తర్వాత. ముందు వీటికి జవాబు చెప్పండి. ఒకటి, బండి కొన్నప్పటి నుంచీ ఇంతేనా, ఈ మధ్యే తగ్గిందా? రెండు, గట్టిగా తొక్కినప్పుడు వెనక నల్లపొగ వస్తోందా? మూడు, తొక్కుతుంటే ముందు నుంచి ఈల వేసినట్టో గాలి పోతున్నట్టో చప్పుడు ఉందా? నాలుగు, టైర్ల సైజు ఎంత? అయిదు, మూడో గేరులో తొక్కే సమయానికి ఆర్పీఎం ముల్లు ఎక్కడుంది?

కోరాపుట్_టీచర్
లారీ అబ్బాయి చెప్పింది పెద్దమాట, కానీ అడిగినాయన ప్రశ్న కూడా సబబే. సగం బయటికి వచ్చాక బండి లాగకపోతే అదే ప్రమాదం.
కొంచెం లెక్క చూద్దాం, నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఊరుకోలేను. మనిషితో కలిపి 1200 కిలోల బండి, నూరు మీటర్లకి 6 మీటర్లు లేచే రోడ్డు, గంటకి 50 వేగం. ఉత్త ఎత్తు ఎక్కడానికే 13 హార్స్‌పవర్ పోతుంది. ఎదురుగాలి అడ్డు, టైర్ల రాపిడి ఇందులో లేవు. అమ్మగారు, పిల్లలు, బస్తా కలిసి ఇంకో 300 కిలోలు అయితే అది 16 దాటుతుంది. ఏసీ వేస్తే అదో రెండు మూడు.
మరి బండికి 75 ఉన్నాయి కదా అంటారు. ఆ 75 వచ్చేది 4000 ఆర్పీఎం దగ్గర. లాగే బలం, అంటే టార్క్, 190 ఎన్ఎం వచ్చేది 2000 దగ్గర. 1500లో ఉన్నప్పుడు ఆ 75లో సగం కూడా మీ చేతిలో ఉండదు, ఎందుకంటే ఇంజిన్‌లోకి గాలి కుక్కే టర్బో ఇంకా లేవలేదు. దాన్నే టర్బో ల్యాగ్ అంటున్నాం. మీ బండి ఆలోచిస్తున్న సమయం అదే. అంటే మూడో గేరులో 1500 దగ్గర ఎంత తొక్కినా లాభం తక్కువ. రెండుకి దించి 2300, 2500 మీద ఉంచి, *ఆ తర్వాత* స్టీరింగ్ తిప్పాలి. చాలామంది లారీ తోకకి అంటుకుని వెళ్తారు, అక్కడ వేగం పుంజుకోడానికి చోటే ఉండదు. కొంచెం వెనక ఉండి, రోడ్డు ఖాళీ కనపడగానే మన లైన్‌లో ఉండగానే ఊపు తెచ్చుకుని బయటికి రావాలి.

జైపూర్_జోరు
సార్, హోంవర్క్ ఎప్పుడు చూపించాలి?

డీజిల్_పొగ
టీచర్ గారు చెప్పింది నిజమే, కానీ రెండో గేరులో మొత్తుకుంటూ ఎక్కడం సుఖం కాదు. మా బావమరిదిది ఇదే ఇంజిన్. వైజాగ్‌లో రీమ్యాప్ చేయించాడు. ఇప్పుడు అనంతగిరి ఘాట్ మూడులోనే ఎక్కేస్తున్నాడు. ట్యూనర్ చెప్పిన లెక్క 75 నుంచి 95 చిల్లర, టార్క్ 230 పైన.

నాలుగో_గేరు
ట్యూనర్ చెప్పిన లెక్క వేరు, బలం కొలిచే డైనో మిషన్ మీద వచ్చిన కాగితం వేరు. బావమరిది చేతిలో ఆ కాగితం ఉందా?

డీజిల్_పొగ
కాగితం లేదు. వెనక సీట్లో కూర్చున్న నా నడుముకి తెలిసింది.

వ్యాగన్‌ఆర్_వనజ
మధ్యలో దూరుతున్నా. నాది పెట్రోల్ 1.0, రాయగడలో బాగానే ఉంటుంది. కోరాపుట్ వెళ్తే మాత్రం డల్ అయిపోతుంది. పెట్రోల్ బంకు తేడానా? నూరు ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే మారుతుందా?

కోరాపుట్_టీచర్
బంకు కాదమ్మా, గాలి. రాయగడ 200 మీటర్ల ఎత్తులో ఉంటే కోరాపుట్ 870 దగ్గర ఉంది. టర్బో లేని ఇంజిన్ వెయ్యి మీటర్లకి సుమారు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. మీ 67 హార్స్‌పవర్‌లో ఇక్కడికి వచ్చేసరికి 61 మిగులుతుంది. నూరు ఆక్టేన్ అనేది ఇంజిన్‌లో నాకింగ్ ఆపడానికే గానీ బలం పోయడానికి కాదు. మీ ఇంజిన్ దానికోసం తయారైంది కాదు, డబ్బు దండగ. టర్బో ఉన్న బండికి ఈ ఎత్తు బాధ తక్కువ, పల్చటి గాలిని కూడా అది కుక్కి లోపలికి పంపుతుంది. స్విఫ్ట్ డీజిల్ ఘాట్‌లో లాగాలి. లాగట్లేదంటే నాకు నాలుగో గేరు గారి ప్రశ్నల మీదే అనుమానం.

వ్యాగన్‌ఆర్_వనజ
థాంక్స్ సార్. సీఎన్‌జీ పెట్టిద్దామనుకుంటున్నారు మావారు, దానికీ తేడా ఉంటుందా?

కోరాపుట్_టీచర్
కంపెనీ లెక్కల్లోనే అదే ఇంజిన్ సీఎన్‌జీ మీద 57. దానికి సిలిండర్ బరువు అదనం. ఊళ్ళో తిరగడానికి మంచిదే, ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోల్‌కి మార్చుకోండి.

జైపూర్_జోరు
కోన్ ఎయిర్ ఫిల్టర్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తా. మా మిత్రుడొకడు ఆరు వేలు పెట్టి ఎర్రటి కోన్ ఫిల్టర్ బిగించాడు. బానెట్ ఎత్తితే చూడ్డానికి భలే ఉంది. సౌండ్ కూడా బుస్సుమని వస్తోంది. సెమిలిగుడ నుంచి జైపూర్ దాకా నాకు సౌండ్ వినిపించాడు. దిగాక చూస్తే ఎప్పుడూ పట్టే టైమే పట్టింది.

నాలుగో_గేరు
ఇంకా తగ్గకపోతే అదృష్టం. కంపెనీ ఫిల్టర్ డబ్బా బయటి నుంచి చల్లగాలి తీసుకుంటుంది. మూత లేని కోన్ ఇంజిన్ పక్కనున్న వేడిగాలి పీలుస్తుంది. పది డిగ్రీలు వేడెక్కితే గాలి చిక్కదనం 3 శాతం తగ్గిపోతుంది. ఎండాకాలం ఘాట్‌లో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూడండి. మార్పులేమీ చెయ్యని ఇంజిన్‌కి శుభ్రంగా ఉన్న మామూలు పేపర్ ఫిల్టరే చాలు.
పెడల్ బాక్స్ అని ఇంకోటి అమ్ముతారు. అది బలం పెంచదు. సగం తొక్కితే ముప్పావు తొక్కినట్టు ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి చెబుతుంది, అంతే. కాలు కిందికంటా తొక్కాక దానికి చెప్పడానికి ఏమీ మిగలదు. సిగరెట్ లైటర్‌లో పెట్టే లైటు డబ్బా, డీజిల్ పైపుకి కట్టే అయస్కాంతం గురించి అడిగితే నేను ఈ చర్చ వదిలి వెళ్ళిపోతా.

మజ్జిగౌరి_భక్తుడు
అయస్కాంతం నా బండికి ఉంది. మైలేజ్ పెరిగింది.

నాలుగో_గేరు
వెళ్ళొస్తా.

మజ్జిగౌరి_భక్తుడు
😄 ఆగండి ఆగండి. అమ్మవారి నిమ్మకాయ కూడా కట్టాను, అందువల్లేమో.

సెమిలిగుడ_స్విఫ్ట్
ప్రశ్నలకి జవాబులు. కొన్నప్పుడు ఇంతకంటే బాగుండేది, వానాకాలం తర్వాత తగ్గినట్టుంది. నల్లపొగ వస్తోంది, వెనక బైకువాడు తిట్టాడు కూడా. ముల్లు 1500, 1600 దగ్గర. చప్పుడు సంగతి ఇవాళ కిటికీ దించి విన్నాను, గట్టిగా తొక్కితే ఉస్స్‌మని వస్తోంది. ఇన్నాళ్ళూ టర్బో సౌండ్ అనుకుని మురిసిపోయాను. టైర్లు 205/65 ఆర్15, పాత ఓనర్ వేయించినవి.

నాలుగో_గేరు
దొరికింది. ఉస్స్ ప్లస్ నల్లపొగ ప్లస్ బలం లేకపోవడం అంటే టర్బో నుంచి గాలి చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి ఇంజిన్‌కి వెళ్ళే రబ్బరు పైపుల్లో ఎక్కడో చీలింది, లేదా క్లిప్పు వదులైంది. టర్బో కుక్కిన గాలి దారిలోనే పోతోంది. డీజిల్ పడుతోంది, కాలడానికి చాలినంత గాలి లేదు, అందుకే పొగ. బానెట్ ఎత్తి పైపు జాయింట్ల దగ్గర నూనె తడితో దుమ్ము అంటుకుని ఉందేమో చూడండి. ఆ లైన్‌లో కొంచెం ఆయిల్ ఆవిరి ఎప్పుడూ ఉంటుంది, చీలిక ఉన్నచోట అది బయటికి చిమ్మి మట్టి పట్టేస్తుంది. బంపర్ పక్కన కింది పైపు కూడా చెయ్యి పెట్టి తడమండి. చీలిక అడుగుభాగంలో ఉంటే పై నుంచి కనపడదు.
వెయ్యి రూపాయల లోపు, బండి కంప్యూటర్‌ని చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ దొరుకుతుంది, ఫోన్‌కి కలిపి బూస్ట్ చూడొచ్చు. ఫుల్ తొక్కుడు మీద గాలి పీడనం 2 బార్ల దరిదాపుల్లోకి రావాలి. బండి ఆపి ఉన్నప్పుడు బయట గాలిదే కోరాపుట్‌లో 0.9 ఉంటుంది, అది కలుపుకునే ఈ లెక్క.
ఈ స్థితిలో రీమ్యాప్ చేయించి ఉంటే చిల్లు పడ్డ కుండలో ఇంకో బిందె పోసినట్టు అయ్యేది.

కోరాపుట్_టీచర్
టైర్లు కూడా. ఈ బండికి కంపెనీ వేసింది కింది మోడల్‌లో 165/80 ఆర్14, పై మోడల్‌లో 185/65 ఆర్15. రెండిటి ఎత్తూ ఇంచుమించు 620 మిల్లీమీటర్లే. మీ 205/65 ఎత్తు 647. అంటే నాలుగు శాతం పైగా పెద్ద చక్రం. ప్రతి గేరూ అంతమేర బరువైపోయినట్టే. పైగా టైరు కూడా బరువు. మీటరు 100 చూపిస్తే మీరు నిజంగా 104 మీద ఉన్నారు.

జైపూర్_జోరు
అంటే చలాన్ పడితే టైరువాడికి పంపాలన్నమాట.

సిరొంచ_నుంచి
మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా. మాకు ఘాట్లు లేవు, కానీ ఇదే పెద్ద టైర్ల పిచ్చి ఇక్కడా ఉంది. రోడ్డు బాగోదు, కింద తగలకూడదని వేయిస్తారు. వంతెన మీదుగా కాళేశ్వరం వైపు వెళ్ళేటప్పుడు మా అన్నయ్య బండి అయిదో గేరు పట్టుకోదు. ఎవరు చెప్పినా వినడు. ఈ లెక్క ప్రింట్ తీసి డ్యాష్‌బోర్డు మీద అతికిస్తా.

సెమిలిగుడ_స్విఫ్ట్
మెకానిక్ దగ్గర నుంచి రాస్తున్నా. నాలుగో గేరు గారూ, మీ కాళ్ళెక్కడున్నాయో చెప్పండి. కింది పైపు, సరిగ్గా అడుగున, బొటనవేలు పట్టేంత చీలిక. చుట్టూ నల్ల జిడ్డుతో మట్టి ముద్దకట్టి ఉంది. పైపు కొత్తది, క్లిప్పులు, కూలి అన్నీ కలిపి రెండు వేల లోపే. ఎయిర్ ఫిల్టర్ దులిపితే ఒడిశా మట్టి ఆంధ్రా మట్టి రెండూ రాలాయి. రేపు సుంకి దిగి ఎక్కి చెప్తా.

లారీ_అబ్బాయి_సాలూరు
దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేసిన కార్లు అక్కడ ఎన్ని చూశామో.

సెమిలిగుడ_స్విఫ్ట్
వెళ్ళొచ్చాను. పొగ లేదు, ఉస్స్ లేదు. 2000 దాటాక వీపు సీటుకి ఆనుతోంది. రెండో గేరులో ఊపు తెచ్చుకుని దాటితే లారీ ఇట్టే వెనక్కి పోతోంది. 2000 లోపు మాత్రం ఇంకా బద్ధకమే. ముప్పై వేలలో ఇరవై ఎనిమిది మిగిలాయి. ఇప్పుడు రీమ్యాప్ చేయించనా?

డీజిల్_పొగ
నేను మొదటి రోజే చెప్పా!!

పర్లాకిమిడి_పిల్లోడు
ఆగండి. మా తమ్ముడి టర్బో పెట్రోల్‌కి రీమ్యాప్ చేయించాం. లాగుడు బ్రహ్మాండం, అబద్ధం చెప్పను. కానీ కొన్నాళ్ళకే ఎక్కుడులో ఆర్పీఎం లేస్తోంది, స్పీడు లేవట్లేదు, మాడువాసన. క్లచ్ జారడం. ఆ క్లచ్ పాత టార్క్ మొయ్యడానికే చేసింది కదా. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్, కూలి అన్నీ చూస్తే రీమ్యాప్ ఖర్చు పక్కన చిన్నబోయింది. లక్షా నలభై వేలు తిరిగిన బండిలో క్లచ్ ఇంకెంత మిగిలి ఉంటుంది? ముందు అది చూపించుకోండి. నాలుగో గేరులో 40 స్పీడు మీద ఒక్కసారి గట్టిగా తొక్కి చూడండి, ముల్లు ఎగిరి స్పీడు రాకపోతే క్లచ్ పోయినట్టే.

డీజిల్_పొగ
అది పెట్రోల్ సంగతి. ఇదే 1248 సీసీ ఇంజిన్‌ని ఎర్టిగాలో, సియాజ్‌లో 90 బలంతో కంపెనీయే ఇచ్చింది. ఇంజిన్ తట్టుకుంటుందనేగా?

నాలుగో_గేరు
ఇచ్చింది, అందులో టర్బో వేరు. రెక్కలు తిరిగే వేరియబుల్ టర్బో, అందుకే అక్కడ 200 ఎన్ఎం 1750కే వస్తుంది. మీ బావమరిది బండిలో మామూలు టర్బోయే. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన టర్బో మారిపోదు. రీమ్యాప్ మధ్య రేంజిలో బాగా కలుస్తుంది, 2000 లోపు బద్ధకం కొంచెమే తగ్గుతుంది. సెమిలిగుడ ఆయన బాధ ఆ 2000 లోపుదే.
నేను రీమ్యాప్‌కి వ్యతిరేకం కాదు. పాత ఫైలు మనకి ఇచ్చి, చేశాక మంట వేడి, పొగ కొలిచి చూపించేవాడి దగ్గర చేయించుకుంటే పర్వాలేదు. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్టాండ్ పక్కన అరగంటలో చేసి వెళ్ళిపోయేవాడి దగ్గర వద్దు. ట్యూనింగ్ బాక్స్ అయితే అసలొద్దు. ఇంధనం పీడనం తక్కువుందని ఈసీయూకి అబద్ధం చెప్పి ఎక్కువ డీజిల్ పోయించడమే దాని పని, ఇంజెక్టర్ల ఆయుష్షు మీద అప్పు.

బరంపురం_బ్రీఫ్‌కేస్
చట్టం ముక్క ఒకటి వేస్తున్నా, తిట్టుకోకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకి, కంపెనీ మొదట ఇచ్చిన దానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకీ 5000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రీమ్యాప్‌ని చెక్‌పోస్టులో ఎవరూ కనిపెట్టకపోవచ్చు. కానీ పెద్ద యాక్సిడెంట్ అయితే సర్వేయర్ వస్తాడు. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే క్లెయిమ్ కొట్టెయ్యడానికి ఇన్సూరెన్స్ వాళ్ళకి సాకు దొరికినట్టే. సైలెన్సర్ ఫ్రీ చెయ్యడమైతే మరీ, చెవులున్న ప్రతి కానిస్టేబులూ పట్టుకుంటాడు.

జైపూర్_జోరు
రెండు రాష్ట్రాలూ మాదే అనే కొటియాలో పట్టుకుంటే? చలాన్ ఒడిశా రాస్తుందా, ఆంధ్రా రాస్తుందా?

బరంపురం_బ్రీఫ్‌కేస్
ఇద్దరూ రాస్తారు. చట్టం కేంద్రానిది, ఊరే ఇద్దరిదీనూ.

మజ్జిగౌరి_భక్తుడు
రేషన్ ఇద్దరూ ఇస్తారు కదా, చలాన్ దానికి సరిపెట్టుకోవాలి.

కోరాపుట్_టీచర్
రాజకీయం వద్దు, మోడరేటర్ నిద్రలేస్తాడు. ఇరవై ఎనిమిది వేలు మిగిలాయంటున్నారు కాబట్టి నా ఓటు: 185/65 మంచి టైర్లు నాలుగు. ఇవి మార్పు కింద రావు, కంపెనీ సైజే. పికప్‌తో పాటు వానాకాలం సుంకి మలుపుల్లో బ్రేకు కూడా దొరుకుతుంది. మిగిలిన దాంట్లో డీజిల్ ఫిల్టర్, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూపించుకోవడం. రోడ్డు దిగాక చక్రాలన్నిటికీ దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేసినట్టే. బ్రేకు వేసుకుని ఘాట్ ఎక్కుతూ పికప్ లేదనేవాళ్ళు చాలామంది.

పర్లాకిమిడి_పిల్లోడు
పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి కూడా శుభ్రం చేయించండి. ఊళ్ళో తక్కువ స్పీడులో తిరిగే డీజిల్‌కి అదో రోగం.

డీజిల్_పొగ
సరే, అందరూ కలిసి ఆయన్ని టైర్ల షాపుకి తోలేశారు. టైర్లు, క్లచ్ అయ్యాక ఇంకా చాలదనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, బావమరిది బండి ఒక రౌండు తోలిస్తా. అప్పుడు మాట్లాడుకుందాం.

సెమిలిగుడ_స్విఫ్ట్
క్లచ్ టెస్ట్ చేశాను, జారట్లేదు. టైర్లు ఆర్డర్ పెట్టాను. రీమ్యాప్ ఇప్పటికి పక్కన పెడుతున్నా. మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివి, టీచర్ గారు చెప్పినట్టు లారీకి దూరంగా ఉంటేనే వస్తానంది. పాత 205/65 నాలుగూ సగానికి పైగా మిగిలి ఉన్నాయి, ఎవరికైనా కావాలా? సెమిలిగుడలో చూసుకోవచ్చు.

జైపూర్_జోరు
నా డిజైర్‌కి పడతాయా? కింద తగులుతోంది. ఎంతకిస్తావు?

కోరాపుట్_టీచర్
ఇంత చెప్పాక కూడానా!

జైపూర్_జోరు
సార్, నేను ఘాట్ ఎక్కను. జైపూర్‌లో బజారుకే వెళ్తాను. నాలుగు వేలకి ఇచ్చేస్తావా బ్రదర్?

సెమిలిగుడ_స్విఫ్ట్
ఆరు. బియ్యం కూడా కావాలంటే ఎనిమిది.